వేసవి గౌనులు

గౌను చలిదేశములలో పుట్టిన వస్త్రము. ఉత్తర యూరపునందు సంవత్సరములో ఎక్కువకాలము దేహమును చలినుండి కాపాడుకొనుటయే ముఖ్యమైన పని యగుటచే, అచ్చటి దర్జీలు అనేక శతాబ్దములు వెచ్చదనము కొరకే బట్టలు కుట్టిరి. అట్టి గౌనును వేసవియందు ధరింపవలసి వచ్చినప్పుడు ఏమి చేయవలెను? ఎండ తీవ్రముగా గాయు వెస్టిండియా దీవులకును, అమెరికా దక్షిణ రాష్ట్రములకును, మన దేశమునకును పాశ్చాత్య స్త్రీలు కాపురమునకు వచ్చినప్పుడు ఈ ప్రశ్న మరింత బాధాకరమైనది. గౌనును చల్లబరచుటకై సుమారు మూడువందల యేండ్లలో జరిగిన యత్నములను ఈ వ్యాసమున వివరింపదలచితిని. ఇది బాలికలకు మాత్రమే తగిన విషయమని బాలురు పుట త్రిప్పివేయకుందురు గాక. ఇందు ప్రకృతిశాస్త్రము గలదు; రాజ్యముల వర్తకపు పోరు గలదు; మన కృష్ణాతీరపు అద్దకపువారికిని, గోదావరితీరపు స్త్రీలకును ఇందు పాత్ర గలదు.

మొదట ప్రకృతిశాస్త్రము. “చల్లని బట్ట” యని మనము వాడుకగా ననుచుందుము గాని, ఏ బట్టకును స్వతస్సిద్ధమైన చల్లదనము లేదు. ఒకే పెట్టెలో నుంచిన మల్లుపంచెయు, ఉన్ని కంబళియు ఒకే ఉష్ణోగ్రతయందుండును. చల్లబరచుకొనునది దేహమే, వస్త్రము దానికి సాయపడును, లేదా అడ్డుపడును. మన దేహాంతర్భాగము సుమారు 37 డిగ్రీల సెంటీగ్రేడు వేడి గలిగి యుండును. చర్మము దానికంటె రెండు మూడు డిగ్రీలు తక్కువ. గాలి చర్మముకంటె చల్లగా నున్నంతవరకు దేహపు వేడిమి గాలిలోనికి పోవుచుండును. గాలి చర్మముకంటె వేడియైనప్పుడు, అనగా మన మే నెల మధ్యాహ్నములందు, ఆ మార్గము మూతబడుటయే గాక తలక్రిందులగును. గాలియే దేహమును కాచును. అప్పుడు మిగిలిన మార్గ మొక్కటే: చెమట ఆవిరియగుట.

మన కూజాలో నీరు చల్లబడుట యిట్లే గదా. మట్టిగోడగుండ పైకి ఊరిన చెమ్మ ఆవిరియగుచు, తనకు వలసిన వేడిమిని లోని నీటినుండి గైకొనును. ఆ కూజాకే నూనెరంగు పూసినచో లోని నీరు చల్లబడదు. చర్మమునకు వస్త్ర మట్టి గోడవంటిది. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరియైనచో సుమారు 580 కిలోక్యాలరీల వేడిమి దేహమునుండి తొలగును. ఐదు లీటర్లకు మించిన మంచునీటిని మరగించుటకు చాలిన వేడిమి యది. కాని బొట్టుబొట్టుగా నేలరాలిన చెమట వలన ఈ లాభ మేమియు లేదు. గాలిలో తేమ యధికముగా నున్నచోట ఆవిరియగుట మందగించును. కర్నూలు ఎండకంటె బందరు ఉక్క దుస్సహముగా దోచుటకు కారణ మిదియే. ఇది తేలికగా దీసికొనదగిన సంగతి గాదు. 2015 వ సంవత్సరము మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములందు వేసవి గాడ్పునకు వేయిమందికి పైగా మరణించిరి.

కావున వేసవి వస్త్రమునకు మూడు పనులు గలవు. చెమటను పీల్చి గాలికి విడువవలెను. చర్మమునకును తనకును నడుమ గాలి కదలనీయవలెను. సూర్యకిరణములను దేహముపై పడనీయరాదు. ఈ మూడును ఎల్లప్పుడు సఖ్యముగా నుండవు. చేతులు లేని గౌను గాలిని రానిచ్చును, ఎండనుగూడ రానిచ్చును. దళసరి బట్ట ఎండ నాపును, గాలినిగూడ నాపును. గౌను చరిత్రమంతయు ఈ కలహమునకు రాజీ వెదకుటయే యని చెప్పవచ్చును. దానికి తోడు మర్యాద, వర్తకము అను రెండు శక్తులు ఎప్పటికప్పుడు అడ్డుదగులుచు వచ్చినవి.

17 వ శతాబ్దమునకు పూర్వము ఇంగ్లండునందు సామాన్య స్త్రీకి ఉన్నియు, అవిసెనార బట్టయు, ధనికురాలికి పట్టును వస్త్రములు. నూలుబట్ట మిక్కిలి అరుదు. హాలండు వర్తకులును, వారి వెంటనే 1611 వ సంవత్సరమున ఇంగ్లీషువారును మచిలీపట్టణమున వర్తకశాలలు నెలకొల్పిన పిదప, మన తీరపు అద్దకపు నూలుబట్టలు ఓడలకొలది యూరపునకు పోవ నారంభించినవి. కరక్కాయ రసమున నానవేసి, పటికతో వ్రాసి, చిరివేరుతో ఎరుపును, నీలిమందుతో నీలమును పట్టించిన ఆ బట్టలు ఎన్ని ఉతుకులకును వెలియవు. యూరపు అద్దకపువారికి అప్పటి కీ విద్య తెలియదు. ఆ దేశపు స్త్రీలు మొదట వానిని పడకతెరలకును, దుప్పట్లకును వాడి, పిదప గౌనులు కుట్టించుకొనసాగిరి. చల్లదనము కొరకే కొనిరనుట సత్యము గాదు. రంగులును, ఉతుకుటకు గల యనుకూలమును వారి నాకర్షించినవి. కాని ఉన్నిని విడిచి నూలును ధరించిన స్త్రీకి వేసవియందు భేదము తెలియకపోదు.

ఇందువలన ఇంగ్లండునందలి ఉన్ని నేతగాండ్రకును, పట్టు నేతగాండ్రకును జీవనము చెడుచున్నదని గొప్ప గగ్గోలు పుట్టెను. ఫ్రాన్సు ప్రభుత్వము 1686 లోనే అద్దకపు నూలుబట్టలను నిషేధించి 1759 వరకు ఆ నిషేధమును సాగించెను. ఇంగ్లండు పార్లమెంటు 1700 లో మన దేశపు అద్దకపు బట్టల దిగుమతిని అరికట్టెను. అది చాలదని 1719 వేసవిలో లండను నగరమున పట్టు నేతగాండ్రు గుంపులుగా బయలుదేరి, నూలు గౌను ధరించి వీథిలో నడచు స్త్రీలపై బడి, బట్టలు చించి, సిరా చల్లిరి. రెండేండ్లకు, 1721 లో, అద్దకపు నూలుబట్టలను ధరించుటయే నేరమని చట్టమైనది. 1774 వరకు అది తొలగలేదు. పని లేక పస్తులున్న నేతగాని దుఃఖము నిజమే. అయినను ఆ కోపము ఓడలు నడపిన వర్తకునిపై గాక, వీథిలో నొంటరిగా పోవు స్త్రీపై తీర్చుకొనుట పిరికితనమని నా యభిప్రాయము. ఆ గౌనుబట్ట నద్దిన పెడనవానికో, పాలకొల్లువానికో, తన చేతిపని సముద్రము కావల ఇట్టి కలహమునకు కారణమైనదని ఎట్లు తెలియును?

గౌను ఆకారమును నిజముగా మార్చినది మస్లిను, అనగా మిక్కిలి సన్నని తెల్లని నూలుబట్ట. ఢాకా మస్లిను లోకప్రసిద్ధము. మన శ్రీకాకుళపు సన్నబట్టలకును ఆ కాలమున మంచి పేరుండెను. ఆ సీమయందలి పొందూరున నేటికిని వాలుగచేప దవడయెముకతో పత్తిని దువ్వి సన్ననూలు వడకువారు గలరు. వెస్టిండియా దీవులలో కాపురమున్న ఫ్రెంచి స్త్రీలు ఎండ తాళలేక, బిగువైన పట్టు గౌనులు మాని, వదులైన మస్లిను గౌనులు తొడుగుకొనుచుండిరనియు, ఆ వాడుకయే పారిసు నగరమునకు ప్రాకెననియు చరిత్రకారులు కొందరు చెప్పుదురు. ఫ్రాన్సు రాణి మేరీ ఆంటొయినెట్టు దాని నాదరించెను. మెడయొద్ద కుచ్చులు, నడుమున నొక పట్టీ, మిగిలినదంతయు వదులు. అంతకుముందరి రాచగౌనులలోని ఊచలును, జరీపనియు ఇందేమియు లేవు.

1783 వ సంవత్సరమున విజీ లెబ్రూన్ అను చిత్రకర్త్రి, రాణిని ఆ మస్లిను గౌనుతోనే చిత్రించి పారిసు ప్రదర్శనమున నుంచెను. చూచినవారు నిర్ఘాంతపడిరి. రాణి లోవస్త్రములతో జనుల యెదుటికి వచ్చెనని కొందరును, ఫ్రెంచి పట్టు నేతగాండ్ర నోటిలో మన్ను గొట్టెనని కొందరును నిందించిరి. చిత్రమును తొలగించి, దాని స్థానమున పట్టుగౌను ధరించిన రాణి చిత్రమును వేరొకటి వ్రాయవలసివచ్చెను. ఒక వస్త్రము దేహమునకు హాయిగా నుండుటయే దానిపై నేరముగా ఎంచబడుట ఇదియే మొదలు గాదు, కడయు గాదు. పది పదునైదేండ్లలో ఆ మస్లిను గౌనే యూరపునందంతటను వ్యాపించినది. చంకల క్రిందనే నడుముపట్టీ, అటనుండి పాదములవరకు జారు తెల్లని బట్ట. 1800 ప్రాంతపు చిత్రములలో ఈ గౌనును చూడవచ్చును. ఆవిరియగుటకును, గాలి కదలుటకును అంతకంటె అనుకూలమైన గౌను ఆ దేశములందు మరల నూరేండ్లవరకు రాలేదు.

అయితే ఆ మస్లిను చిరకాలము మన దేశపుది గాలేదు. 1779 లో శామ్యూల్ క్రాంప్టన్ నిర్మించిన వడుకుయంత్రము సన్ననూలును గట్టిగా తీయగలిగెను. ఇంగ్లండు మిల్లులు మస్లినును చౌకగా నేసి లోకమంతట నమ్మినవి. మన చేనేతగాండ్ర మగ్గములు మూలబడినవి. ఆ మిల్లులకు వలసిన పత్తిలో అధికభాగము అమెరికా దక్షిణ రాష్ట్రములలో నీగ్రో బానిసలు ఎండలో వంగి యేరినది. 1865 లో బానిసత్వము రద్దగువరకు, లండనునందలి చల్లని గౌను వెనుక ఈ వేడిమి యుండెను.

19 వ శతాబ్దపు మధ్యమున గౌను మరల విస్తరించినది. పాదముల చుట్టును పెద్దగంపవలె నిలువవలెనని, లోపల గంజిపెట్టిన పావడలు ఐదారు, అందొకటి గుర్రపువెండ్రుకలతో నేసినది, ఒకదానిపై నొకటి ధరించుచుండిరి. పైబట్ట మస్లినే యైనను లోపలి బరువును, ఉక్కయు నెట్లుండునో ఊహింపుడు. 1856 లో ఉక్కుచట్రపు క్రినొలిను వచ్చినది. దీనిని చూచి నవ్వనివారు లేరు; పత్రికలలో వికటచిత్రములు కుప్పలుగా వెలువడినవి. కాని ప్రకృతిశాస్త్రదృష్టితో చూచినచో, పావడల మోత యంతయు తొలగి, కాళ్లచుట్టు గాలి స్వేచ్ఛగా తిరుగుటకు అది తోడ్పడినది. ఆ కాలపు స్త్రీలు దానిని సుఖమనియే యెంచిరి. నడుమును బిగించు కార్సెట్టు మాత్రము విడువబడలేదు. క్రింద గాలి, పైన బిగువు.

ఆ సుఖమునకు భయంకరమైన వెల యుండెను. బట్టను చల్లగా నుంచు గుణమే, అనగా పోగులనడుమ గాలి నిండియుండుటయే, నిప్పునకును మేలైనది. సన్నని నూలు, వదులైన కుట్టు, క్రింద చట్రమునిండ గాలి: నిప్పురవ్వ తగిలినచో క్షణములో మంట నెత్తి కెక్కును. మన విద్యార్థులు ఆంగ్ల పద్యములలో నెరిగిన లాంగ్‌ఫెలో కవి భార్య ఫ్యానీ 1861 జూలై నెలలో, మసాచుసెట్సునందలి కేంబ్రిడ్జి పట్టణమున, స్వగృహముననే ఇట్లు మరణించినది. బిడ్డల కురులను కత్తిరించి, పొట్లముగట్టి, లక్కతో ముద్రవేయుచుండగా ఆమె పలుచని వేసవి గౌను అంటుకొన్నదని సాధారణముగా చెప్పుదురు. భర్త పరుగెత్తివచ్చి కంబళితోను, తన దేహముతోను మంట నార్పజూచెను. ఆమె మరునాడే చనిపోయినది. చేతులును, ముఖమును కాలినందున ఆయన భార్య సమాధికైనను పోజాలకపోయెను. ఆయన చిత్రములలో మనము చూచు ఆ నిండుగడ్డము, కాలిన ముఖమున క్షౌరము కష్టమై పెంచినది.

మస్లినునకు నిప్పంటుకొనకుండ చేయు విద్య ఆ కాలమున తెలియకపోలేదు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గే-లుస్సాక్ 1821 లోనే నాటకశాలల బట్టలకు అమోనియం ఫాస్ఫేటు, వెలిగారము పనికివచ్చునని కనుగొనెను. 1859 ప్రాంతమున వెర్స్‌మన్, ఓపెన్‌హైమ్ అను నిద్దరు అనేక లవణములను పరీక్షించి, గంజితో కలిపి ఇస్త్రీచేయుటకు సోడియం టంగ్‌స్టేటు మేలని నిర్ణయించిరి. అయినను బట్ట ఉతికినప్పుడెల్ల ఆ మందు నీటిలో పోవును. తెలుపును కొంచెము మాయును. పారిసు నర్తకి యెమ్మా లీవ్రీ, మందుపట్టించిన బట్ట అందము చెడునని నిరాకరించి, 1862 లో రంగస్థలదీపము తగిలి కాలి, ఎనిమిది నెలలు బాధపడి మరణించినది. నేటికిని వంటయింట పొయ్యియొద్ద వ్రేలాడు పైటకొంగును, వదులుచేతులను ఈ సందర్భమున తల్లులు జ్ఞప్తికి దెచ్చుకొందురు గాక. నూలు మండిపోవును, నైలాను, పాలియెస్టరు కరగి చర్మమున కంటుకొనును.

కార్సెట్టును, లోపావడలను ప్రశ్నించినవారును బయలుదేరిరి. 1851 లో అమెరికాయందు అమీలియా బ్లూమరు పొట్టిగౌనును, దాని క్రింద వదులైన పైజామాను తన పత్రికలో సమర్థించి హేళనపాలయ్యెను. 1881 లో లండనునందు వెలసిన హేతుబద్ధ వస్త్రసంఘము, స్త్రీ ధరించు లోవస్త్రముల బరువు ఏడు పౌనులకు, అనగా సుమారు మూడు కిలోలకు, మించరాదని కోరినది. ఏడు పౌనులు తక్కువయని యెంచిన కాలమున, మామూలు బరువెంతయో పాఠకులే గ్రహింతురు.

మన దేశమునకు వచ్చిన ఆంగ్లేయుల సంగతి మరింత విచిత్రము. చెమటపట్టిన పొట్టకు చల్లగాలి సోకినచో కలరా వచ్చునను నమ్మకముతో, ఉన్ని ఫ్లానెలు పట్టీని నడుమునకు కట్టుకొని మండుటెండలలో దిరుగువారు. కలరా నీటివలన వ్యాపించు సూక్ష్మజీవి వలన వచ్చునని రాబర్ట్ కాక్ 1883-84 లో చూపిన పిదపగూడ కొన్ని దశాబ్దములు ఆ పట్టీ పోలేదు. వారి వాకిటనే మల్లుపంచె గట్టుకొని, తలకు తెల్లని పాగా చుట్టుకొని నిలిచిన బంట్రోతును చూచి ఒకనాడైనను వా రాలోచింపకపోవుట ఆశ్చర్యము. వస్త్రవిషయమున కన్నులకంటె అలవాటే బలీయము.

1900 మొదలు 1914 వరకు పాశ్చాత్య దేశములందు తెల్లని లాను బట్ట గౌను వేసవివేషమైనది. లాను అనునది సన్ననూలుతో సాదాగా నేసిన మెత్తని బట్ట. దానిపై సన్నని మడతకుట్లు, నడుమనడుమ బట్టను కత్తిరించి చేర్చిన లేసు. ఆ లేసు రంధ్రములే గాలి కిటికీలు. తోట విందులందును, పాఠశాలల బహుమాన సభలందును బాలిక లందరు ఇదే ధరించుచుండిరి. చూపునకు హంసలవలె నుండెడివారు. కాని ఆ గౌనును ఎవరు ఉతికిరి? తెల్లబట్టను మరగబెట్టి, నీలిపెట్టి, గంజిపెట్టి, ఆ మడత లన్నిటిని ఒక్కొక్కటిగా ఇస్త్రీచేయవలెను. విద్యుచ్ఛక్తి లేని యిండ్లలో ఇనుప ఇస్త్రీపెట్టెలను మండుచున్న పొయ్యిమీద వేడిచేసి, ఒకటి చల్లారగనే మరియొకటి దీసికొనవలెను. జూలై నెలలో ఆ గదిలో నిలిచిన పనిమనిషికి ఆ చల్లని గౌను వలన కలిగినది వేడిమియే.

లేసు విషయమునను ఇట్టిదే. 19 వ శతాబ్దమున మిషనరీ స్త్రీలు గోదావరి తీరమున నేర్పిన లేసుపని, నరసాపురము, పాలకొల్లు ప్రాంతపు గ్రామములలో ఇంటింటికి వ్యాపించి, పరదేశములకు ఎగుమతి యగు వ్యాపారమైనది. కరవుకాలమున కుటుంబములను నిలిపిన పని యది. అందులకు కృతజ్ఞత చెల్లవలసినదే. అయినను 1982 లో మరియా మీస్ అను జర్మను పండితురాలు నరసాపురపు లేసు స్త్రీలను గూర్చి ప్రచురించిన గ్రంథమున, దినమునకు అనేక గంటలు అల్లిన స్త్రీకి లభించు కూలి అత్యల్పమనియు, “తీరికవేళ పని” యను పేరుచే దానిని పనిగానే లెక్కింపరనియు చూపినది. ఆ ప్రాంతమునుండి మన పాఠశాలకు వచ్చిన బాలికలు తమ అమ్మమ్మలను, నాయనమ్మలను అడిగినచో ఇంకను ఎక్కువ తెలియును.

తెలుపు రంగే ఏల? దీనికి బెంజమిన్ ఫ్రాంక్లిన్ చేసిన పరీక్ష ప్రసిద్ధము. 1761 లో మేరీ స్టీవెన్‌సన్ అను యువతికి వ్రాసిన లేఖలో ఆయన దానిని వివరించెను. దర్జీయొద్దనుండి వేర్వేరు రంగుల ఉన్నిబట్ట ముక్కలు దెచ్చి, ఎండగాయు ఉదయమున మంచుపై పరచెను. కొన్ని గంటలలో నల్లముక్క అన్నిటికంటె లోతుగా దిగబడెను, ముదురునీలము ఇంచుమించు అంతే, లేతరంగులు తక్కువ, తెల్లనిది దిగనేలేదు. కావున ఉష్ణదేశములలో సైనికులకును నావికులకును తెల్లని దుస్తులు తగునని ఆయన సూచించెను. సైన్యములు ఆ సలహాను చాలకాలము పాటింపలేదన్నది వేరుమాట.

కాని దీనితో విషయము ముగియలేదు. అరబ్బు ఎడారులలో బెడూయిన్ జాతివారు నల్లని అంగీలు ధరింతురు గదా, వారేల మాడిపోరు? 1980 లో శాస్త్రజ్ఞులు కొందరు ఎడారియందే దీనిని పరీక్షించి “నేచర్” పత్రికలో ప్రకటించిరి. నల్లఅంగీ తెల్లఅంగీకంటె ఎక్కువ వేడిమిని గ్రహించుట నిజమే. కాని ఆ అంగీ మిక్కిలి వదులైనది గనుక, అధికముగా గ్రహించిన వేడిమి చర్మమును చేరకముందే గాలిలో కొట్టుకొనిపోవును. దేహమునకు చేరిన వేడిమి రెండింటను సమానము. అనగా రంగుకంటె వదులుతనమే ముఖ్యము. బిగుతైన నల్లచొక్కా తొడిగి బెడూయినులను సాక్ష్యము చెప్పుట మాత్రము తగదు.

20 వ శతాబ్దమున కార్సెట్టు వదలినది, పావడ పొట్టియైనది, చేతులు కురచబడినవి. ఈ కాలపు బట్టలలో నాకు మిక్కిలి నచ్చినది సీర్‌సక్కర్. పేరు పారసీకభాషనుండి వచ్చినది. పాలు, పంచదార యని దాని యర్థము. మెత్తనిచారలు పాలవలెను, ముడుతపడిన చారలు పంచదారవలెను నుండునని ఆ పేరు. నేత సులభముగా నర్థమగును. పడుగులో కొన్ని పోగులను బిగించియు, కొన్నిటిని వదలియు నేయుదురు. మగ్గమునుండి దిగగనే బిగువుపోగులు కుదించుకొని, వదులుపోగులు పొంగి ముడుతలు పడును. ఆ పొంగులు మాత్రమే చర్మమును తాకును. తక్కినచోట్ల సన్నని గాలిదారు లుండును. చెమటపట్టినను ఒంటి కంటుకొనదు. అన్నిటికంటె మేలు, దీనికి ఇస్త్రీ అక్కరలేదు. తెల్లలాను గౌను చాకలిదానికి దెచ్చిన బాధ యిందు లేదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1943 లో, అమెరికా నావిక పదాతిదళపు స్త్రీలకు వేసవి దుస్తులు ఆకుపచ్చ, తెలుపు చారల సీర్‌సక్కర్‌తోనే కుట్టించిరి.

బీదయిండ్ల స్త్రీలును ఊరకుండలేదు. 1929 తరువాతి ఆర్థికసంక్షోభమున అమెరికా పల్లెలలో పిండియు, పశువుల దాణాయు నింపివచ్చిన నూలుసంచులను విప్పి, ఉతికి, వేసవి గౌనులు కుట్టుకొనిరి. ఇది చూచి వర్తకులు సంచులమీదనే పువ్వులు అద్దించి యమ్మసాగిరి. ఆ సంచిగుడ్డ గౌను, చల్లదనమున దొరసాని లానుకు తీసిపోదు. భుజములు విడిచి కుట్టిన ఎండగౌనులను 1940 ప్రాంతమున నాగరికవేషములుగా చేసిన క్లేర్ మకార్డెల్ కూడ ఇట్టి సామాన్యపు నూలుబట్టలనే కోరి వాడినది.

యుద్ధానంతరము నైలాను, పాలియెస్టరు వచ్చినవి. ఉతికి ఆరవేసినచో చాలును, ఇస్త్రీ లేదు, చౌక, మన్నిక. తల్లులు సంతోషించుటలో వింత లేదు. కాని లెక్క చూడుడు. మితమైన తేమగల గాలిలో నుంచినచో నూలు తన బరువులో నూటికి సుమారు 8 పాళ్లు, అవిసెనార సుమారు 12 పాళ్లు నీటియావిరిని తనలోనికి గ్రహించును. పాలియెస్టరు అరపాలైనను గ్రహింపదు. బిగుతుగా నేసిన పాలియెస్టరు చొక్కా మన నూనెరంగు పూసిన కూజాయే. న్యాయముగా చెప్పవలెనన్న, నూలునకును లోప మున్నది: పూర్తిగా తడిసినచో బరువెక్కి ఒంటి కంటుకొని ఆలస్యముగా ఆరును. అందుచే నేటి ఆటగాండ్రకు చెమటను పైకిలాగునట్లు ప్రత్యేకముగా నేసిన పాలియెస్టరు దుస్తులున్నవి. పాఠశాల దుస్తుల కొరకు అంగడిలో కొను బట్ట సాధారణముగా అట్టిది గాదు. తల్లిదండ్రులు కొనునప్పుడు బట్టను పెదవులయొద్ద బిగించి పట్టుకొని ఊదవలెను. ఊపిరి ఆవలికి పోనిచో, జూన్ నెలలో బిడ్డ వీపునుండి చెమటయు పోదు.

పై తరగతుల విద్యార్థులు ఈ సంగతిని స్వయముగా పరీక్షింపవచ్చును. సమానమైన మూడు ఇత్తడి చెంబులను దెచ్చి, అన్నిటియందును ఒకే వేడిగల గోరువెచ్చని నీరు సమముగా నింపవలెను. మొదటిదానిని వట్టిగా విడువవలెను. రెండవదానికి తడిపిన మల్లుగుడ్డ చుట్టవలెను. మూడవదానికి అట్టి తడిగుడ్డనే చుట్టి, దానిపై పాలిథీను కాగితమును బిగించి కట్టవలెను. మూడింటిని వేపచెట్టు నీడను గాలి తగులుచోట నుంచి, ఐదునిమిషముల కొకసారి ఉష్ణమాపకమును ముంచి, అరగంటసేపు అంకెలను వ్రాసికొనవలెను. పడమటిగాలి వీచు దినమున నొకసారియు, ఆకాశము మబ్బుపట్టి ఉక్కపోయు దినమున నొకసారియు ఇట్లు చేసి, రెండు దినముల అంకెలను ఒకే పుటలో ప్రక్కప్రక్కన నుంచి చూడవలెను.